ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక రెటీనా డాక్టరు కావచ్చా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. నాకు 23 ఏళ్ళు. ఇంటర్ ఎంపీసీ, తర్వాత డిగ్రీ, ఈ ఏడాదే ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తయింది. మా మామ్మకి ఇరవై ఏళ్ళ నుంచి షుగర్. కిందటేడు ఒక కన్ను పూర్తిగా పోయింది. "కంటి నరం దెబ్బతింది, ముందే రావాల్సింది" అన్నారు. రెండో కంటికి లేజర్ పెట్టాలన్నారు. ఒకసారి పెట్టించాం. మళ్ళీ రమ్మన్నారు గానీ కోతల్లో పడి వెళ్ళలేదు. ఆ రోజు ఆస్పత్రిలో ఆ మిషన్లు చూసినప్పటి నుంచి నేను కూడా రెటీనా డాక్టరు కావాలనే ఆలోచన నన్ను వదలడం లేదు. నాన్నగారిది కొబ్బరికాయల వ్యాపారం. చెల్లి ఇంటర్ చదువుతోంది. ఇంట్లో బీఈడీ చేసి టీచరు ఉద్యోగం చూసుకోమంటున్నారు. బైపీసీ చదవని నేను డాక్టర్ని కాగలనా? ఐదేళ్ళు చదివిన ఫిజిక్స్ వేస్టయిపోతుందా? ఈ వయసులో ఇది పిచ్చి ఆలోచనా? పేరు వెయ్యొద్దండి.

సమాధానం: అమ్మా, నీ ప్రశ్నలకి తర్వాత వస్తాను. ముందు మామ్మని ఈ వారంలోనే ఆ ఆస్పత్రికి తీసుకెళ్ళు. షుగర్ వల్ల రెటీనా, అంటే కంటి వెనక వెలుగుని పట్టే పొర, పాడైనవాళ్ళకి ఆ లేజర్ సాధారణంగా రెండు మూడు విడతల్లో పూర్తి చేస్తారు. ఒక విడత పెట్టించి మానేయడమంటే ఏటిగట్టు సగం కట్టి వదిలేయడమే. ఉన్న కంటితో ఇప్పుడు బాగానే కనిపిస్తోందని ఆవిడ అన్నా వినొద్దు. ఈ జబ్బు నొప్పి పెట్టదు. లోపల బాగా ముదిరేదాకా చూపు కూడా తగ్గకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళంతా ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలనేది అందుకే. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైనే. మన డెల్టాలో షుగర్ మాత్రల డబ్బా లేని ఇల్లు నా ఎరుకలో చాలా తక్కువ. నీకు ఈ ఆలోచన రావడంలో వింతేమీ లేదు.

ఇక నీ సంగతి. నేను డాక్టర్ని కాదు. ఈ డెల్టాలోనే ఒక డిగ్రీ కాలేజీలో 34 ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. కానీ నువ్వడిగిన దారిలో నడిచిన కుర్రాడొకడు నా దగ్గర చదువుకున్నాడు. ఇప్పుడు నా కళ్ళు చూసేది కూడా అతనే.

అతనిది రాజోలు వైపు ఒక లంక గ్రామం. ఇంటర్‌లో బైపీసీ. ఎంసెట్‌లో సీటు రాలేదు. లెక్కలంటే ఇష్టం కాబట్టి మ్యాథ్స్ విడిగా రాసి పాసై మా కాలేజీలో బీఎస్సీ ఎంపీసీలో చేరాడు. తర్వాత వాల్తేరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్. ఒక జూనియర్ కాలేజీలో రెండేళ్ళు పాఠాలు చెప్పాడు. ఆ రెండేళ్ళూ రాత్రిళ్ళు కూర్చుని జువాలజీ, బోటనీ మళ్ళీ మొదటి నుంచి చదివి ఎంసెట్ రాశాడు. కాకినాడ రంగరాయలో ఎంబీబీఎస్‌లో చేరేనాటికి అతనికి 25 ఏళ్ళు. పక్కన కూర్చున్నవాళ్ళకి 18. క్లాసంతా "అన్నయ్యా" అని పిలిచేవారట.

మూడేళ్ళ కిందట ఒక రాత్రి చీకట్లో మంచినీళ్ళకి లేచాను. కుడికన్ను చివర మెరుపు మెరిసినట్టయింది. వాన లేదు, మబ్బు లేదు. తల తిప్పితే మళ్ళీ మెరుపు. తెల్లారేసరికి ఆ కంటి ముందు మసి చల్లినట్టు నల్ల చుక్కలు తేలుతున్నాయి. దగ్గర్లో చూపిస్తే కళ్ళజోడు నంబరు మార్చి పంపించేశారు. రెండు రోజులాగి ఎందుకో మనసొప్పక ఇతనికి ఫోన్ చేశాను. "మాస్టారూ, ఇంకేం చెప్పకండి, ఇవాళే బయల్దేరండి" అన్నాడు. ఆ గొంతులో కంగారు విని భయమేసింది.

కంటి లోపల కోడిగుడ్డు తెల్లసొనలాంటి జెల్లీ ఒకటి ఉంటుంది. వయసు మీదపడ్డాక అది ముడుచుకుపోయి రెటీనా నుంచి విడిపోతుంది. విడిపోతూ ఎక్కడైనా గట్టిగా లాగితే రెటీనా చిరుగుతుంది. లాగినప్పుడల్లా మెరుపు కనిపిస్తుంది. రెటీనాకి వెలుగు తప్ప ఇంకో భాష రాదు మరి, ఎవరు ముట్టుకున్నా వెలుగనే చెబుతుంది. ఆ చిరుగులోంచి నీరు లోపలికి దిగిందంటే గోడ నుంచి తడిసిన కాగితం ఊడినట్టు రెటీనా ఊడొస్తుంది. నాది ఇంకా ఊడలేదు. చిరుగు చుట్టూ లేజర్‌తో కంచె కడతానన్నాడు.

గడ్డం ఆనించి కూర్చున్నాను. నుదురు పట్టీకి నొక్కి పెట్టాడు. కంటికి జెల్ రాసిన అద్దం ఒకటి తొడిగాడు. తర్వాత పచ్చటి మెరుపులు, ఒకదాని వెనక ఒకటి, టక్ టక్ టక్. అప్పుడప్పుడూ సూదితో లోపల చిన్నగా గుచ్చినట్టుంది. "కదలకండి మాస్టారూ, ఇంకో యాభై" అన్నాడు. ఎవరి చేతిలో సుద్దముక్క పెట్టి బోర్డు దగ్గరికి పంపానో వాడు నాతో ఆ మాట అంటుంటే ఏడుపొచ్చింది. కంట్లో అద్దం ఉంది కాబట్టి ఏడవలేకపోయాను. అయ్యాక చూస్తే గది గోడలు, అతని తెల్లకోటు, అన్నీ గులాబీ రంగులో ఉన్నాయి. "ఎందుకో చెప్పండి మాస్టారూ" అని నవ్వాడు. కంటిలో పచ్చరంగు చూసే కణాలు అలిసిపోయాయి, మిగతావి చెప్పేది గులాబీ. ఆ కాసేపట్లో పరీక్ష రాసింది నేను.

ఆ లేజర్ 532 నానోమీటర్ల పచ్చ కాంతి. కంటి ముందున్న నల్లగుడ్డు పైపొర, లెన్సు, లోపలి జెల్లీ అన్నీ దానికి పారదర్శకం. ఏదీ దాన్ని పీల్చుకోదు కాబట్టి ఏదీ కాలదు. వెనకకి వెళ్ళి రెటీనా కింద ఉన్న నల్ల రంగు కణాలకి తగిలేసరికి అవి పీల్చుకుంటాయి. ఆ వేడికి చిన్న మచ్చపడి, రెండు వారాల్లో రెటీనాని గోడకి అతికించేస్తుంది. తలుపు తీయకుండా, గోడ పగలగొట్టకుండా గది వెనక గోడకి మేకు కొట్టడం లాంటిది. కాంతిని ఏది పీల్చుకుంటుంది, ఏది వదిలేస్తుందన్న ఒక్క ముక్క మీద ఈ వైద్యం నిలబడింది. అది నీకు బీఎస్సీలోనే చెప్పారు.

దీని పుట్టుక కూడా చెప్పాలి. 1945 జులై 9న యూరప్‌లో సూర్యగ్రహణం పట్టింది. ఏ అద్దమూ లేకుండా దాన్ని చూసిన ఒక వైద్య విద్యార్థికి రెటీనా మధ్యలో కాలిన మచ్చ పడింది. ఆ కన్ను చూసిన జర్మన్ డాక్టరు మేయర్ ష్విక్కెరాత్‌కి, చెరిచే ఎండనే మందుగా ఎందుకు వాడకూడదు అనిపించింది. తర్వాత కొన్నేళ్ళకి అద్దాలతో ఎండని మళ్ళించి రోగి కంట్లోకి పంపి రెటీనా అతికించాడు. మబ్బు పడితే వైద్యం ఆగిపోయేది. ఆ తర్వాత జెనాన్ దీపం వచ్చింది, 1960లో మైమన్ మొదటి లేజర్ వెలిగించాక కంటి డాక్టర్లు దాన్ని అందుకోవడానికి ఎంతో కాలం పట్టలేదు. మీ మామ్మ కంట్లో పడిన పచ్చటి మెరుపు ఆ ఎండకి మనవరాలు.

కంచె కట్టిన పది రోజులకి వెళ్తే ఓసీటీ, అంటే వెలుగుతో రెటీనా పొరలని చూపించే స్కాన్, తీసి స్క్రీన్ నావైపు తిప్పాడు. నా రెటీనా. మందం పావు మిల్లీమీటరు. దానిలో పొర మీద పొర, ఆత్రేయపురం పూతరేకుని అడ్డంగా కోసి భూతద్దంలో చూసినట్టుంది. "మాస్టారూ, మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ గుర్తుందా?" అన్నాడు. గుర్తులేకేం! మా లేబులో ఆ పరికరం ఉండేది కాదు. సోడియం దీపం పెట్టి న్యూటన్ రింగులు చూపించి, వెలుగుని రెండుగా చీల్చి మళ్ళీ కలిపే మైకెల్సన్ పరికరాన్ని మాత్రం బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి. ఇతనొకడే క్లాసయ్యాక వచ్చి "దీనివల్ల ఉపయోగం ఏంటి సార్" అని అడిగాడు. అప్పుడు నేనేం చెప్పానో జ్ఞాపకం లేదు గానీ, సరైన జవాబు మాత్రం ఆ రోజు అతని స్క్రీన్ మీద చూశాను.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలినట్టు, ఆ మిషన్లో వెలుగు రెండు పాయలవుతుంది. ఒకటి కంట్లోకి, ఒకటి అద్దం దగ్గరికి. తిరిగొచ్చి రెండూ కలుస్తాయి. రెండూ ఒకే దూరం నడిచొస్తేనే వాటి అలలు ఒకదానితో ఒకటి పలుకుతాయి. కాబట్టి అద్దం దూరం తెలిస్తే కంట్లో ఏ లోతు నుంచి వెలుగు తిరిగొచ్చిందో తెలిసిపోతుంది. పడవ సోనార్ లాగా సమయం కొలవకూడదా అంటే, రెండు పొరల నుంచి వచ్చే వెలుగుకి మధ్య తేడా సెకనులో లక్ష కోట్ల వంతు కూడా ఉండదు. దాన్ని మామూలు ఎలక్ట్రానిక్ గడియారం కొలవలేదు. అందుకే గడియారం పని అలల చేత చేయించారు. 1991లో ఈ పద్ధతిని ప్రకటించిన బృందంలో జేమ్స్ ఫుజిమోటో, ఎరిక్ స్వాన్సన్ ఇంజనీర్లు. డేవిడ్ హువాంగ్ అప్పటికి ఇంజనీరింగూ వైద్యమూ కలిపి చదువుతున్న విద్యార్థి. 2023లో ముగ్గురికీ లాస్కర్ పురస్కారం వచ్చింది.

ఫిజిక్స్ వేస్టవుతుందా అన్నావు. రెటీనా గదిలో వేస్టయ్యే ఫిజిక్స్ నాకు కనిపించలేదమ్మా. అతను చెప్పిన ఇంకో సంగతి విను. రెటీనా ఊడినప్పుడు ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ బుడగ పెడతారు. బుడగ పైకి తేలుతుంది కాబట్టి రోగి ఎలా పడుకుంటే అది అటు వెళ్ళి రెటీనాని నొక్కి పడుతుంది. చాలామందిని రోజుల తరబడి బోర్లా పడుకోమనేది అందుకే. మలికిపురం వైపు నుంచి వచ్చిన ఒకాయనకి అలాంటి ఆపరేషన్ చేశారు. పది రోజులకి ఆయన కువైట్ టికెట్ పట్టుకుని వచ్చాడు. సెలవు అయిపోయింది, వెళ్ళకపోతే పని పోతుంది. మనవాడు గాలి ఊదిన బెలూన్ బొమ్మ గీసి చూపించాడట. విమానం పైకెళ్ళాక లోపల గాలి పీడనం తగ్గుతుంది, కంట్లో గ్యాస్ ఉబ్బుతుంది, కంటికి రక్తం అందడం ఆగిపోయి చూపు అక్కడే పోవచ్చు. బాయిల్ సూత్రం. ఆయన టికెట్ వాయిదా వేసుకున్నాడు. మరో నెలకి బుడగ కరిగాక వెళ్ళాడు. ఆ సూత్రాన్ని ఏటా వంద మంది పిల్లల చేత రాయించాను. దానితో ఒక మనిషి చూపు కాపాడొచ్చని నా శిష్యుడే నాకు చెప్పాడు.

ఇంతవరకూ చదివి నువ్వు సంబరపడితే, ఇక్కడ ఆగి మిగతాది నిదానంగా చదువు.

ఆ కుర్రాడికీ నీకూ ఒక పెద్ద తేడా ఉంది. అతని దగ్గర బైపీసీ సర్టిఫికెట్ ఉంది, నీ దగ్గర లేదు. ఒకప్పుడైతే నీకు తలుపు మూసుకున్నట్టే. ఇప్పుడు కాదు. ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్‌కి గరిష్ఠ వయసు నిబంధనని 2022లో తీసేశారు. 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన ప్రకటన ప్రకారం, పన్నెండో తరగతి పాసైన తర్వాత కూడా గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనవాళ్ళు నీట్ రాయొచ్చు. నువ్వు చేయాల్సిన మొదటి పని అది. ఎవరో కోచింగ్ సెంటరువాళ్ళు చెప్పారని కాకుండా, ఆ ఏటి నీట్ సమాచార పుస్తకంలో అర్హతల పేజీ నువ్వే చదివి, బోర్డు దగ్గర కాగితం మీద రాయించుకుని అప్పుడు ఫీజు కట్టు.

నీట్‌లో 720 మార్కులు. బయాలజీకి 360, ఫిజిక్స్‌కి 180. నిమిషానికో ప్రశ్న. ఫిజిక్స్ దగ్గర చాలామంది పిల్లలు చతికిలపడతారు, నువ్వు నిలబడతావు. కానీ ఎమ్మెస్సీవాళ్ళకి ఉండే ఒక జబ్బు నీకూ ఉంటుంది. ప్రశ్న చూడగానే మొదటి నుంచి సూత్రం రాబట్టాలనిపిస్తుంది. అక్కడ అంత టైము లేదు. అసలు యుద్ధం బయాలజీతో. అది కంఠతా రావాలి. ఏటా 20 లక్షల పైన రాస్తుంటే సీట్లు లక్ష పైచిలుకు, అందులో ప్రభుత్వ కాలేజీల్లోవి దాదాపు సగం. నా మాటగా చెబుతున్నాను, రెండుసార్లు మనసు పెట్టి రాయి. మూడోసారి వద్దు. మేనేజ్‌మెంట్ సీటు కోసం మాత్రం నాన్నగారి చేత తోట అమ్మించొద్దు. చెల్లి చదువు కూడా ఆ తోటలోంచే రావాలి.

సీటు వచ్చిందనుకో, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకో. బయాలజీ, నీట్ అయ్యేసరికి 25. ఎంబీబీఎస్ హౌస్ సర్జన్సీతో కలిపి అయిదున్నరేళ్ళు. పీజీ ప్రవేశ పరీక్ష, ఆప్తాల్మాలజీలో మూడేళ్ళ ఎమ్మెస్. ఆపైన రెటీనాలో ఫెలోషిప్ ఒకటిన్నర రెండేళ్ళు. నీ చేత్తో నువ్వు రెటీనా ఆపరేషన్ చేసేసరికి 36 దాటుతాయి. హౌస్ సర్జన్సీ నుంచి స్టైపెండ్ వస్తుంది, అంతవరకూ ఇంటి మీదే.

ఏళ్ళ కన్నా నిన్ను ఎక్కువ పరీక్షించేది ఇంకోటుంది. ఆ ఏళ్ళలో మొదటి ఆరేడు కంటికీ కాంతికీ సంబంధం లేనివి. శవం మీద నరాలు వెతకాలి. ప్రసూతి గదిలో రాత్రంతా నిలబడాలి. వరి కోతల కాలంలో పాము కరిచి వచ్చినవాళ్ళకి ఇంజెక్షన్ పెట్టి పక్కనే కూర్చోవాలి. మొదటి ఏడాది అనాటమీ చదువుతుంటే తన బుర్ర మొద్దుబారిందేమోనని అతనికి టెన్షన్ పట్టుకుందట. "ఫిజిక్స్‌లో ఒక సూత్రం తెలిస్తే పది లెక్కలు వస్తాయి మాస్టారూ, ఇక్కడ పది పేర్లు చదివితే పది పేర్లే వస్తాయి" అని ఉత్తరం రాశాడు. మానేసి వచ్చేస్తాననీ రాశాడు. రాలేదు. ఎందుకు రాలేదని తర్వాతెప్పుడో అడిగితే, సర్జరీ వార్డులో ఒక ముసలాయన తన చెయ్యి పట్టుకుని వదల్లేదనీ, ఆ రోజు నుంచి వెనక్కి వెళ్ళాలనిపించలేదనీ చెప్పాడు. నువ్వు ఉత్తరంలో "మిషన్లు చూసినప్పటి నుంచి" అని రాశావు. ఆ మాట నేను రెండుసార్లు చదివాను. నిన్ను లాగింది మిషనా, మామ్మ చెయ్యా? రెండూ మంచివే. కానీ దారులు వేరు.

మిషనైతే నీకు ఎంబీబీఎస్ అక్కర్లేదు. సీఎస్ఐఆర్ నెట్ గానీ గేట్ గానీ రాసి ఆప్టిక్స్, ఫోటానిక్స్, బయోమెడికల్ ఇంజనీరింగ్ వైపు వెళ్ళు. పీహెచ్‌డీకి కన్నునే తీసుకో. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, చెన్నై శంకర నేత్రాలయ, మధురై అరవింద్, ఈ మూడింటికీ పరిశోధన విభాగాలున్నాయి. డేనియల్ పలాంకర్ అని ఒక భౌతిక శాస్త్రవేత్త ఉన్నారు. వైద్యుడు కాదు, స్టాన్‌ఫర్డ్‌లో కంటి విభాగంలో పనిచేస్తారు. రెటీనా మధ్యభాగం చచ్చిపోయి చదవలేకపోతున్న వృద్ధుల కోసం 2 మిల్లీమీటర్ల చదరపు చిప్ తయారుచేశారు. దాన్ని రెటీనా కింద పెడతారు, ప్రత్యేకమైన కళ్ళజోడు పంపే పరారుణ కాంతితోనే అది పనిచేస్తుంది. సోలార్ పలక లాంటిది. అది పెట్టించుకున్నవాళ్ళలో చాలామంది మళ్ళీ అక్షరాలు చదవగలిగారని 2025లో ఫలితాలు వచ్చాయి. ఒక డాక్టరు తన జీవితంలో ఎన్ని కళ్ళు చూడగలడు? ఇలాంటి పని ఒకటి చేస్తే ఎక్కడి కళ్ళకైనా చేరుతుంది.

ఈ దారిలో పోతూ మెడికల్ ఫిజిక్స్ అనే పేరు చూసి మోసపోకు. అది మంచి ఉద్యోగమే గానీ ఎక్కువగా క్యాన్సర్ రేడియేషన్ వైద్యానికి సంబంధించింది. ఆప్టోమెట్రీ అయితే వేరే డిగ్రీ. అందులో కళ్ళు పరీక్షించడం, స్కానులు తీయడం నేర్పుతారు, సర్జరీ ఉండదు.

బీఈడీ గురించి ఒక మాట. పంతులుగా బతికినవాణ్ణి, దాన్ని చిన్నచూపు చూడమని చెప్పలేను. బయాలజీ చదివే ఏడాదిన్నర ఏదైనా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ పాఠం చెప్పు. ఇంట్లో నాలుగు డబ్బులు ఇస్తే నాన్నగారి మాటలో పదును తగ్గుతుంది. డబ్బు లేక దారి మార్చుకున్నవాళ్ళలో నువ్వు మొదటిదానివి కాదు. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్తకి చిన్నప్పుడు ఫిజిక్స్ చదవాలని ఉండేది. వాళ్ళ నాన్న ఒక స్కూల్ టీచరు, అంత స్తోమత లేదు. సైన్యంలో డాక్టరుగా పనిచేస్తే వైద్యం ఉచితంగా చెబుతామంటే అందులో చేరాడు. ఆ మనిషే 1851లో కంటి లోపలికి చూసే పరికరం ఆప్తాల్మోస్కోప్‌ని లోకానికి చూపించాడు. బతికున్న మనిషి కంట్లో రెటీనా స్పష్టంగా కనిపించింది అప్పుడే. ఇరవై ఏళ్ళ తర్వాత బెర్లిన్‌లో ఫిజిక్స్ ప్రొఫెసరయ్యాడు. నువ్వు నడవాలనుకుంటున్న దారిలోనే ఆయన అటు నుంచి ఇటు నడిచాడు.

కాబట్టి ఇప్పుడే నాన్నగారితో గొడవ పెట్టుకోకు. మామ్మని తీసుకెళ్ళే రోజు పాత ఫైలు, షుగర్ మాత్రల చీటీ పట్టుకెళ్ళు. చుక్కలు వేశాక ఆవిడకి అయిదారు గంటలు మసకగా ఉంటుంది, చెయ్యి వదలొద్దు. అయ్యాక అక్కడి డాక్టరుగారిని మర్యాదగా అడుగు, "ఎమ్మెస్సీ ఫిజిక్స్ అండి, ఒక వారం ఓపీలో ఓ మూల నిలబడి చూడనిస్తారా" అని. చాలామంది ఒప్పుకుంటారు. ఆ వారంలో పొద్దున్న నుంచి సాయంత్రం దాకా నీ కళ్ళు స్క్రీన్ మీదకి పోతున్నాయో, కుర్చీలో కూర్చున్న మనిషి మీదకి పోతున్నాయో నిన్ను నువ్వే కనిపెట్టుకో. తర్వాత నాకు మళ్ళీ ఉత్తరం రాయి. మామ్మ కంటికి ఎలా ఉందో అందులో ముందు రాయి.